ఊయల అడిగిందెవరు

అమ్మగారి దగ్గర ప్రశ్నకు వెంటనే జవాబు దొరికేది కాదు. కాకినాడ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన ఆవిడ, ఆదివారాలు తన ఇంటి వరండాలో మాకు ఉపనిషత్తు చెప్పేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకునేవారు. ఇక శ్లోకం వస్తుందని కొత్తవాళ్లు ఎదురుచూసేవారు. వచ్చేది మాత్రం ఎవరికో ఎప్పుడో జరిగిన సంగతి.

ఆ ఆదివారం అడిగినవాడు శ్రీవత్స. ఎరువుల కంపెనీలో కెమిస్టు, కొత్తగా పెళ్లయినవాడు. పెళ్లిరోజుకు భార్యను ఏదైనా దీవికి తీసుకువెళ్లాలని కొన్నాళ్లుగా రిసార్టులు వెతుకుతున్నాడు. ఒకచోట గది మెట్ల మీంచే సముద్రంలోకి దిగవచ్చు. ఇంకొకచోట ఇసుకలో దీపాలు పెట్టి ఇద్దరికే భోజనం వడ్డిస్తారు. ఏది చూపించినా ఆ అమ్మాయి "మీ ఇష్టం" అంటోంది.

"తను నోరు విప్పి చెప్పదు అమ్మగారూ. నేనే కనిపెట్టాలి. నిజంగా ప్రేమ ఉంటే ఎదుటి మనిషి మనసు తెలియాలి కదా? నాకెందుకు తెలియడం లేదు?" అన్నాడు.

అమ్మగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మా పిన్ని కూతురు వైదేహి భర్తకు అన్నీ తెలుసు నాయనా," అని మొదలుపెట్టారు.

ఆయన పేరు విశ్వంభర్. రాజమండ్రిలో టైల్సు వ్యాపారం. మొదటి భార్య కుసుమ జబ్బుచేసి పోయింది. చాలాకాలం ఒంటరిగా ఉండి, తర్వాత వైదేహిని చేసుకున్నాడు. వైదేహికీ అప్పటికి నలభై దగ్గర పడ్డాయి. మంచంలో ఉన్న తల్లిని చూసుకుంటూ తన పెళ్లి మాటే మరచిపోయిన మనిషి ఆమె. విశ్వంభర్ నెమ్మదస్తుడు. ఏనాడూ ఒకరితో ఒకరిని పోల్చలేదు. హాల్లో ఉన్న కుసుమ ఫొటోకు వైదేహే పూలు పెట్టేది. అందులో ఆమెకు మనసు కష్టమేమీ ఉండేది కాదు.

అయిదో పెళ్లిరోజుకు అండమాన్ వెళదామన్నాడు విశ్వంభర్. ఏర్పాట్లన్నీ తనే చూసుకున్నాడు. రోజూ షాపు నుంచి రిసార్టువాళ్లకు ఫోన్ చేసి గది ఎటు వైపు ఉండాలో, మంచం మీద దుప్పటి ఏ రంగులో ఉండాలో కూడా చెప్పాడు. విమానం దిగి, పడవెక్కి, కొబ్బరాకు కప్పిన ఆ కుటీరంలోకి అడుగుపెడుతూ వైదేహి గుమ్మంలోనే ఆగి చూసింది. నీలం దుప్పటి మీద తెల్లపూలు చల్లి ఉన్నాయి. కిటికీ తెరవగానే అలల చప్పుడు.

"నీలం నీకిష్టం కదా," అన్నాడు విశ్వంభర్.

వైదేహి నవ్వి తలూపింది. తనకు నీలం ఇష్టమా? కాదని కూడా చెప్పలేకపోయింది. భోజనంలో అనాసముక్కల మీద కారం చల్లి తెచ్చారు. "నువ్వు ఇలాగే తింటావని చెప్పి ఉంచాను," అన్నాడు. ఆమె తిన్నది. ఇంత శ్రద్ధగా తనను కనిపెట్టి చూసిన మనిషి లేడు కదా అనుకుంది. మరి మనసులో ఏదో ఎందుకు సర్దుకోవడం లేదో అర్థం కాలేదు.

సాయంత్రం ఆమెను ఒడ్డుకు తీసుకువెళ్లాడు. మోకాలి లోతు నీళ్లలో రెండు గుంజలు పాతి, ఇద్దరు కూర్చునేంత వెడల్పున్న చెక్క ఊయల వేలాడదీశారు. దాని తాళ్లకు పూలు చుట్టారు. పక్కన రిసార్టు ఫొటోగ్రాఫర్ సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"ఈ ఊయల కోసమే ఈ రిసార్టు," అన్నాడు విశ్వంభర్. "సముద్రంలో కాళ్లు పెట్టుకుని ఊగాలని ఉందన్నావుగా."

"నేనా? ఎప్పుడన్నాను?"

"వంటింట్లో బియ్యం ఏరుతూ అన్నావు. బయట వాన పడుతోంది. నేను గుమ్మంలో గొడుగు ముడుస్తున్నాను."

వైదేహి ఆలోచించింది. తనే అలా అని మరచిపోయిందేమోనని నిజంగానే వెతుక్కుంది. తర్వాత నెమ్మదిగా అంది: "ఏమండీ, నేను వచ్చాక మనింట్లో ఎవరూ బియ్యం ఏరలేదు. బాగుచేసిన బస్తాయే తెచ్చుకుంటున్నాం."

విశ్వంభర్ మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం ఎటో వెళ్లిపోయాయి.

"గొంతు నీదే," అన్నాడు. "నాకు నీ గొంతే వినబడుతోంది వైదేహీ." అని తడి ఇసుకలో కూలబడ్డాడు. "మరి నీలం? అనాసముక్కలు? అవి కూడానా?"

"నాకు నచ్చలేదని కాదండీ. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు."

కోపం వస్తే బాగుండుననిపించింది ఆమెకు. ఎవరి మీద తెచ్చుకోవాలి? పోయిన కుసుమ తన నుంచి ఏమీ లాక్కోలేదు. ఆమె అడిగిన ఊయల ఆమెకు అందనే లేదు. ఈయన అబద్ధమాడలేదు. ఇద్దరి గొంతులూ ఒకటైపోయేంత దగ్గరగా తనను పెట్టుకున్నాడా, లేక ఇన్నేళ్లూ తన గొంతు వినలేదా? ఎటూ తేలలేదు. ఫొటోగ్రాఫర్, "మేడమ్, వెలుతురు పోతోంది," అన్నాడు. ఫొటోలు వద్దని అతన్ని పంపేసింది.

తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి నడిచి ఊయలలో ఒక చివర కూర్చుంది. విశ్వంభర్ లేచి వచ్చి, కూర్చోవచ్చో లేదో తెలియక తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆవిడ ఇంకేమంది?" అని అడిగింది.

"గుర్తు లేదు."

"గుర్తు తెచ్చుకోండి. ఆవిడ మాటలు ఆవిడకు ఇచ్చేశాక, నన్ను అడుగుదురుగాని."

పెళ్లయ్యాక మొదటిసారి ఆయన కుసుమ గురించి మాట్లాడాడు. తప్పులు చెప్పాడు, మళ్లీ దిద్దుకున్నాడు, మధ్యలో ఏడ్చాడు. వైదేహి విన్నది.

మర్నాడు పగడపు దిబ్బలు చూడ్డానికి పడవ మాట్లాడి ఉంది. దాన్ని వద్దన్నారు. కుటీరం మెట్ల మీద కూర్చుని విశ్వంభర్, "నీకేం కావాలి?" అని అడిగాడు. ఎంతో సులువైన మాటే. వైదేహి చెప్పబోయింది. ఏమీ రాలేదు. తల్లికి ఎప్పుడేం కావాలో, ఈయనకేం కావాలో తెలుసు. తనకేం కావాలో ఎవరూ అడగలేదు, తనూ ఎప్పుడూ ప్రశ్నించుకోలేదు. "నాకు తెలియడం లేదండీ," అంది. ఆయన, "సరే, తెలిసేదాకా ఇక్కడే ఉంటాను," అన్నాడు.

అమ్మగారు అక్కడ ఆపేశారు. శ్రీవత్స మా మొహాలు చూశాడు.

"ఇంతకీ ఆవిడకు ఏం కావాలో తెలిసిందా అమ్మగారూ?" అని అడిగాడు.

"అది నాకు చెప్పలేదు నాయనా," అన్నారు అమ్మగారు. "ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, పొద్దెక్కేదాకా ఆయన వైదేహి మొహమే చూస్తూ కూర్చున్నాడని మాత్రం చెప్పింది."