పండని తాంబూలం

ఆ రాజ్యం పేరు నన్నడక్కండి. రాజు పేరు మాత్రం గజకేసరివర్మ. తాంబూలం లేనిదే ఆయనకు పూట గడవదు. ఒకనాడు కోట గోడకు వెల్ల వేస్తున్న కూలివాణ్ణి చూసి, "గోడలకు పూసే సున్నం నా నాలుక మీదా? ఛీ! ఇకపై నా రాజ్యంలో ఆ మాట పలికినవాడి నాలుక కోయిస్తా!" అని హుంకరించాడు.

సున్నం లేని తాంబూలం పండుతుందా, మీరే చెప్పండి! ఎన్ని ఆకులు నమిలినా నోరు ఎర్రబడలేదు. నోరు పండితే పెళ్ళానికి మొగుడంటే ప్రాణమని అంటారు కదా, దాంతో రాజుకు బెంగ పట్టుకుంది. అద్దం చూస్తాడు, నాలుక చాపుతాడు, పచార్లు చేస్తాడు, మళ్ళీ అద్దం. రాణి పలకరిస్తే మొహం తిప్పుకుంటాడు.

చివరికి ఆ కోపం తమలపాకు తోటల మీదికి మళ్ళింది. "ఆకులోనే సారం లేదు! సాయంత్రంలోగా నా నోరు పండకపోతే తీగలన్నీ పీకించెయ్యండి!" అన్నాడు.

తోటలు పెంచే ఓబులమ్మ లబోదిబోమంటూ ఆస్థాన చమత్కారి పేరిభట్టు దగ్గరికి పరుగెత్తింది. "సామీ, బిడ్డల్లా సాకిన తీగలు! నువ్వే కాపాడాల."

"ఆ మాట అంటే నా నాలుక పోతుంది, అనకపోతే నీ తోట పోతుంది. పద, చూద్దాం" అన్నాడు భట్టు.

సభలో రాజు కుదురుగా కూర్చోలేదు. "ఏమోయ్ భట్టూ, నా తాంబూలంలో ఏం తక్కువైంది?"

"రెండు సున్నలు ప్రభూ."

"వెటకారమా? సున్న పక్కన సున్న పెడితే ఏమొస్తుంది? మళ్ళీ సున్నే!"

"అంకెల్లో అంతే ప్రభూ. అక్షరాల్లో 'సున్న' అని రాసి, పక్కన మరో నిండు సున్న పెట్టి చదవండి."

రాజు విసుక్కుంటూ గాలిలో వేలితో రాసి, పెద్ద గొంతుతో చదివాడు. "సున్నం!"

తలారి కత్తి మీద చెయ్యి వేసి, ఎటు చూడాలో తెలియక నిలబడిపోయాడు.

రాజు చప్పున నోరు మూసుకున్నాడు. "భట్టూ... మరి ఇప్పుడు నా నాలుక?"

"తొందరేముంది ప్రభూ? ముందు దాని మీద కాస్త అది తగలనిచ్చి చూద్దాం. పండకపోతే అప్పుడు కోయిద్దాం."

రాజుకు నవ్వాగలేదు. ఓబులమ్మ లేతాకుకు చిటికెడు సున్నం రాసి, వక్క పెట్టి, చిలక చుట్టి ఇచ్చింది. కాసేపు నమిలాడో లేదో, నోరంతా ఎర్రగా పండింది.

"తోటల జోలికి ఎవరూ వెళ్ళకండి!" అంటూ రాజు మెడలో హారం తీసి భట్టు చేతిలో పెట్టి, సభను అలాగే వదిలేసి, నాలుక బయటపెట్టుకుని అంతఃపురానికి పరుగో పరుగు.

"ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్నది ఇందుకా!" అంటూ రాణి పడీపడీ నవ్విన నవ్వు సభ దాకా వినిపించింది.