రాహేలు ఇంటి గుమ్మం

పరదేశి అయ్యగారు పాతికేళ్లు సంఘ కాపరిగా చేసి రిటైరయ్యారు. సలహా అడిగినవాళ్లకు ఆయన ఆ రోజే జవాబు చెప్పరు. "రేపు నాతో రా" అంటారు, అంతే.

ఆయన దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు అదే సంఘానికి కాపరి అయిన కిరణ్ పాల్ ఒక సాయంత్రం వచ్చాడు.

"అయ్యగారూ, బైబిల్ స్త్రీ ఉద్యోగానికి ఇద్దరు మిగిలారు. ఒకే బైబిల్ స్కూల్లో చదివారు, అనుభవమూ సమానమే. ఇక చూడాల్సింది స్వభావమే కదా? సువర్ణలతది వెన్నలాంటి మనసు. దీవెనమ్మ నోరు తెరిస్తే రంపం. ఇంటింటికీ తిరిగి కష్టంలో ఉన్నవాళ్లను ఆదరించే పని. మెత్తని మనిషిని తీసుకోవడమే మంచిదని కమిటీ అంటోంది. నేనూ అదే అనుకుంటున్నాను."

"ఇద్దరినీ పనిలో చూశావా?"

"రేపు సువర్ణలత, ఎల్లుండి దీవెనమ్మ రాహేలు ఇంటికి వెళ్తారు."

రాహేలు భర్తను నాలుగు రోజుల క్రితం లారీ గుద్దింది, పోయాడు. ఆమె ఒళ్లో అయిదు నెలల బిడ్డ. ఆ రోజు నుంచి రాహేలు మెతుకు ముట్టలేదు. పాలు తగ్గిపోయి బిడ్డ ఒకటే ఏడుపు.

"రేపు నాతో రా" అన్నారు అయ్యగారు. "ఎల్లుండి కూడా."

మర్నాడు అయ్యగారూ కిరణ్ పాలూ రాహేలు వాకిట్లో బల్ల మీద కూర్చున్నారు. ఆ పేటలో ఒక అలవాటుంది. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషీ "ఎలా జరిగిందమ్మా?" అని అడగాలి. పోయినవాడి భార్య మొదటినుంచీ చెప్పాలి. అడగకపోతే పట్టించుకోలేదంటారు. ఆ పూట తొమ్మిదిమంది వచ్చారు, రాహేలు తొమ్మిదిసార్లు చెప్పింది. పక్కనే కూర్చున్న సువర్ణలత ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చింది. అది నటన కాదు. చివరికి ఆమెకు వెక్కిళ్లు పట్టుకుంటే రాహేలే లేచి, మంచినీళ్లు ముంచి ఇచ్చి, "ఊరుకో అక్కా, నువ్విలా అయిపోతే ఎలా" అంది. రాహేలు కోసం పెట్టిన గంజి గిన్నెలోనే చల్లారిపోయింది.

"ఎంత జాలిగుండె" అన్నాడు కిరణ్ పాల్ దారిలో.

మరుసటి రోజు దీవెనమ్మ వచ్చింది. రాహేలు ముందు వేడి గంజి పెట్టి, తలుపు దగ్గరగా వేసి, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మొదట వచ్చింది రాహేలు మేనత్త.

"లారీ గుద్దింది, బజారు మలుపులో" అంది దీవెనమ్మ, ఆవిడ నోరు తెరవకముందే. "ఆస్పత్రికి చేరకుండానే పోయాడు. ఎక్కువ బాధపడలేదు. విన్నావుగా, ఇక లోపల అడక్కు."

"నాకు చెప్పడానికి నువ్వెవరివే? నేను దాని మేనత్తని."

"మేనత్తవైతే మరీ మంచిది. దొడ్లో బిడ్డ గుడ్డలు నానేసి ఉన్నాయి, ఉతికిపెట్టు."

ఆవిడ గొణుక్కుంటూనే దొడ్లోకి నడిచింది. మధ్యాహ్నం దాకా పదకొండుమందికి దీవెనమ్మ అవే నాలుగు ముక్కలు చెప్పింది. ఇద్దరు ఆడవాళ్లు ముఖం మాడ్చుకుని గుమ్మంలోంచే తిరిగిపోయారు. కిరణ్ పాల్ కిటికీలోంచి చూశాడు. గంజి గిన్నె ఖాళీగా ఉంది. బిడ్డ పాలు తాగుతూ నిద్రపోయింది, తల్లి కూడా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

తిరిగి వస్తున్నప్పుడు కిరణ్ పాల్ అన్నాడు:

"అయ్యగారూ, తిరిగిపోయిన ఆ ఇద్దరూ సంఘపెద్దల భార్యలు. రేపు కమిటీలో నన్ను నిలదీస్తారు. దీవెనమ్మకు మర్యాద తెలీదంటారు. అది అబద్ధమూ కాదు."

"కాదు" అన్నారు అయ్యగారు. "వాళ్లతో వాదించకు. మీ ఇంట్లో ఇలాంటి రోజు వస్తే గుమ్మంలో ఎవరిని కూర్చోబెట్టమంటారో, అది మాత్రం అడుగు."