కందిన చోటు

కట్టు వైద్యుడు మునిరత్నంగారికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏ మాటకైనా అర్థం అడిగితే చెప్పేవారు కాదు. అరుగు మీద వేచి ఉన్న రోగిని లోపలికి పిలిచేవారు.

ఒక ఉదయం గిరిధర్ తన నోటుపుస్తకం తెరిచి అడిగాడు. “కట్టిన మర్నాడు చర్మం కందితే కట్టు విప్పేయమన్నారు. కందడమంటే ఎర్రబడడమే కదండీ?”

ఆయన వాకిలి వైపు చూసి, “చెంగమ్మా, రా తల్లీ” అన్నారు.

చెంగమ్మ ఇటుక బట్టీలో పనిచేస్తుంది. ముందురోజు జారిపడి ముంజేయి విరిగితే, వెదురుబద్దలు పెట్టి కట్టింది గిరిధరే. ఆ చేతిని రెండో చేత్తో మోసుకుంటూ వచ్చి కూర్చుంది.

“నిన్న పొద్దుగూకినకాడ్నించీ ఒకటే మంట సామీ.”

గిరిధర్ వంగి, కట్టు అంచున మణికట్టు దగ్గర చూశాడు. నల్లని, బిగువైన చర్మం. “ఎక్కడా కందలేదమ్మా. కొత్త కట్టు అట్లాగే ఉంటుంది. నాలుగు రోజులు ఓర్చుకో.”

“నా తోలు మీద ఎరుపు యాడ అగుపిస్తాది సామీ?” అంది చెంగమ్మ.

అరుగు మీదివాళ్లు నవ్వారు. గిరిధర్ కూడా నవ్వాడు.

గురువు నవ్వలేదు. గిరిధర్ కుడిచెయ్యి పట్టుకుని, అరచేతి వెనకవైపును ఆమె మణికట్టుకు ఆనించారు. జ్వరం వచ్చిన పసిబిడ్డ నుదురులా కాలుతోంది. అతను చెయ్యి తీసుకోబోయాడు. ఆయన వదల్లేదు.

“విప్పు” అన్నారు కాసేపటికి.

గుడ్డ చివరి చుట్టుతో పాటు చర్మం కూడా పొరగా ఊడివచ్చింది. ఇంకొక్క రోజు గడిస్తే ఆ చెయ్యి దక్కేది కాదని గిరిధర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెంగమ్మ పళ్లు బిగబట్టి, వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకుంది. కదిలాయి. అప్పుడు తలెత్తి అతని వంక చూసింది.

“అయ్యో, చిన్నసామి మొగం కందిపోయిండాదే. ఎవరన్నా రవంత నీళ్లియ్యండి.”

ఎవరో గ్లాసుతో నీళ్లు తెచ్చి అతని చేతికే ఇచ్చారు. ముందు ఆమెకు ఇవ్వాలని తోచింది గాని, అతనికి చెయ్యి చాచడానికి ముఖం చెల్లలేదు. అట్లాగే నిలబడ్డాడు.

మునిరత్నంగారు ఆమె చేతికి లేపనం రాస్తూ, తల ఎత్తకుండానే అన్నారు.

“నీ ముఖం కందింది చూడడానికి ఆమెకు ఎంతసేపు పట్టింది?”