లైట్ల పోలయ్య టార్చిలైటు

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి. నిద్రొచ్చేవాళ్లు గోడవారకు పోయి పడుకోండి, మిమ్మల్ని నేనేమీ అనను.

అనగా అనగా, చాలాకాలం కిందటి మాట. కంప్యూటరు తెర వెనకాల బస్తా అంత డొక్క ఉండే రోజులు అప్పుడప్పుడే పోతున్నాయి. తెర పలకలా పలచబడి, బల్లమీద తనంత తాను నిలబడడం నేర్చిన కొత్త. ఆ కాలంలో ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్లో రేవు వీధి, ఆ వీధిలో నూకరత్నం అనే ఆవిడ ఉండేదట.

నూకరత్నం ఇంట్లో కూర్చుని శుభలేఖలు తయారుచేసేది. తెరమీద పేర్లు పేర్చి, చుట్టూ అంచులు దిద్ది, ప్రెస్సుకి పంపేది. ఆ పని నేర్పింది ఆమె మొగుడు. కంప్యూటరూ ఆయనదే. పాపం, జ్వరం తగిలి ఆయన చిన్న వయసులోనే పోయాడు. ఆయన తన చేత్తో గీసిన మామిడాకుల తోరణం బొమ్మ ఒకటి ఆ కంప్యూటర్లో ఉండిపోయింది. మీట నొక్కగానే ముందు తెరమీదికి ఆ తోరణమే వచ్చేది. రత్నం దాన్ని చూసి, "వచ్చేశానండీ" అనేది. అన్నాకే పని మొదలుపెట్టేది.

రత్నానికి ఒక అన్న, సత్తిరాజు. పొరుగూళ్లో ఉంటాడు. మంచివాడే, కానీ మంచివాళ్లతో కూడా చిక్కులుంటాయి.

"ఒంటిగా ఎందుకే ఇక్కడ? మా ఇంటికొచ్చెయ్. మీ వదిన నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది" అనేవాడు.

"నా ఇల్లు నాకుంది, నా పని నాకుంది అన్నయ్యా" అనేది రత్నం.

"సరే, చూద్దాం. ఆ పని ఆగిన రోజున మాత్రం నేనే వచ్చి సామాను కట్టేస్తాను. అప్పుడింక మారు మాట్లాడకూడదు."

రత్నం సరేనంది. అన్నకి మాటిచ్చేసింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు రేవు వీధిలో పనిముట్టు అన్నది ఏదీ మురికిగా ఉండకూడదు. వడ్రంగి ఉలి కడిగాడు. ఆటోవాడు ఆటో కడిగాడు. దర్జీ కుట్టుమిషను కడిగాడు. మరి రత్నం పనిముట్టు? పసుపు నీళ్లలో గుడ్డ ముంచి తెరని ముందూ వెనకా తుడిచింది. గంధం రాసింది. కుంకుమ బొట్లు పెట్టింది. నీళ్లు చల్లి తెచ్చిన బంతిపూల దండని, చుక్కలు కారుతుండగానే, తెర నెత్తిన వేసింది. తెర నెత్తిన వేడి బయటికి పోవడానికి సన్నటి చిల్లులుంటాయి. పైన దండ నవ్వుతూనే ఉంది, కింద చుక్క చుక్కా లోపలికి దిగుతూనే ఉంది.

"పెళ్లికూతురులా ఉన్నావే" అని రత్నం మెటికలు కూడా విరిచింది.

మర్నాడు పనికి కూర్చుని మీట నొక్కింది. తెర నల్లగా ఉంది. మళ్లీ నొక్కింది. నల్లగానే ఉంది. అంచున ఉండే చిన్న పచ్చదీపం మాత్రం వెలుగుతోంది. తోరణం లేదు. "వచ్చేశానండీ" అందామంటే ఎవరితో అనాలి?

పక్కింటి బుల్లెమ్మ తొంగి చూసింది. "పోయిందే రత్నం, పోయింది! పండగపూట నల్లబడిందంటే అమ్మవారికి నీ పూజ నచ్చలేదన్నమాట" అంది.

రత్నం తెరని దుప్పట్లో చుట్టుకుని ఖాదర్ కొట్టుకి పరిగెత్తింది. ఖాదర్ సెల్‌ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేస్తాడు. కొట్టు ముందు జనం కిటకిటలాడుతున్నారు. ఒక్కసారి తీగ తగిలించి చూసి, "పోయిందక్కా. ఈ రకం ఇప్పుడు రావట్లేదు. కొత్తది కొనుక్కో" అన్నాడు. ఆ పూట పదిమందితో అదే మాట అన్నాడు పాపం, తప్పు పట్టకండి.

అన్నకి కబురు అందింది. "పోయిందా? పోతే పోనీ. ఆదివారం ఆటో తీసుకొస్తా, సామాను సర్దుకో" అన్నాడు.

బుల్లెమ్మ పోయిందంది. ఖాదర్ పోయిందన్నాడు. అన్న పోతే పోనీ అన్నాడు. కార్తీకంలో పెళ్లిళ్లు, ఇంటినిండా ఒప్పుకున్న పని. రత్నం తెరని తెచ్చి బల్లమీద పెట్టి, పొయ్యి వెలిగించకుండా వచ్చి అరుగుమీద కూలబడింది.

అదిగో, అప్పుడొచ్చాడు లైట్ల పోలయ్య.

పోలయ్య ఎవరో చెప్పాలి కదా. ఒకప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. ముందు పోలయ్య, వెనక బాజాలు, ఆ వెనక పెళ్లికొడుకు. ఊరంతా ఆ వెలుతురులో పెళ్లికొడుకుని చూసేది. లైటు కింద ఉన్న మనిషిని మాత్రం ఎవరూ చూసేవాళ్లు కాదు. భోజనాలప్పుడు ఆఖరి బంతిలో, ఏం మిగిలితే అది తినేవాడు. తర్వాత జనరేటర్లొచ్చాయి, రంగుల గొలుసు లైట్లొచ్చాయి, పోలయ్యని పిలవడం మానేశారు. చేతిలో పొడుగాటి టార్చిలైటు ఒకటి మిగిలింది. పట్టపగలు కూడా అది పట్టుకునే తిరిగేవాడు. "ఏం తాతా, సూర్యుడికి దారి చూపిస్తున్నావా?" అని పిల్లలు ఆటపట్టించేవాళ్లు. "ఆయనకీ వయసైపోతోంది కదరా" అనేవాడు పోలయ్య.

"ఏవమ్మా రత్నం, మొహం అలా వాడిపోయిందేం?" అన్నాడు.

"తెర పోయింది బాబాయ్."

"పోయిందని ఎవరన్నారు?"

"అందరూ అన్నారు."

"ఆ తెర అందా?"

ఏడుపులో ఉన్న మనిషికి ఒళ్లు మండింది. "నీకు వేళాకోళంగా ఉందా బాబాయ్?"

"లేదమ్మా. ఊరేగింపు నడిమధ్యలో లైటు ఆరిపోయేది చూడు, అప్పుడూ అందరూ పోయింది పోయింది అని అరిచేవారు. నేను దింపుకుని మూడు అడిగేవాణ్ణి. కిరసనాయిలు ఉందా? గాలి ఉందా? గుడ్డ వత్తి ఉందా? మూడూ ఒక్కసారి పోవమ్మా. ఏదో ఒకటే పోతుంది. ఏదో తెలిస్తే చాలు. దీనికేం కావాలి, చెప్పు?"

రత్నం కళ్లు తుడుచుకుని ఆలోచించింది. "కరెంటు కావాలి. బొమ్మ రావాలి. దాన్ని చూపించే వెలుగు కావాలి."

"అదీ మూడే! పద."

పోలయ్య లోపలికొచ్చి, అలవాటుకొద్దీ, తెర నెత్తిన ఒక్కటిచ్చాడు.

"బాబాయ్! అది పెట్రోమాక్స్ కాదు!"

"ఓహో, దీనికి దెబ్బలు పనికిరావా? సరే సరే" అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు. "కరెంటు ఉందా?"

రత్నం తీగలు తగిలించి మీట నొక్కింది. పచ్చదీపం వెలిగింది. ఉంది.

"బొమ్మ ఉందా?"

"నల్లగా కనిపిస్తుంటే బొమ్మెక్కడిది బాబాయ్?"

"చీకట్లో పెళ్లికొడుకు కూడా కనబడడమ్మా. అంతమాత్రాన లేచిపోయాడనుకుంటామా? కిటికీ మూయి."

రత్నం కిటికీకి దుప్పటి కట్టింది. గది మసకబడింది. పోలయ్య టార్చిలైటు వెలిగించి తెరకి ఎదురుగా పెట్టాడు. అద్దంలో టార్చి మెరిసిందే తప్ప ఏమీ లేదు. కాస్త వంచాడు. ఏమీ లేదు. బాగా పక్కకి వంచి, తెర అంచునుంచి ఏటవాలుగా పట్టాడు.

రత్నం ముందుకు వంగింది. నల్లటి తెర లోతులో, సన్నగా, పొగలో గీసినట్టు, ఒక మామిడాకు. దాని పక్కన ఇంకొకటి. టార్చి జరుగుతున్న కొద్దీ ఒక్కొక్క ఆకూ బయటపడింది. తోరణం. ఆయన గీసిన తోరణం, ఎక్కడిదక్కడే ఉంది.

"బొమ్మ పోలేదమ్మా" అన్నాడు పోలయ్య. "వెలుగే పోయింది."

రత్నానికి ఏడుపు ఆగలేదు. మొగుడు పోయినప్పుడు కూడా అందరూ వచ్చి ఏవేవో చెప్పి వెళ్లారు. ఒక్క మాటా మనసుకి తగల్లేదు. ఈ మాట తగిలింది. "వచ్చేశానండీ" అంది.

పోలయ్య అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె తేరుకున్నాక అడిగాడు. "పండక్కి దీనికేం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు బాబాయ్."

"ఏం చేశావమ్మా?"

"బొట్టు పెట్టాను, అంతే."

"తిట్టనులే. ఏం చేశావు?"

మూడోసారికి రత్నం తల వంచుకుంది. "కడిగాను. తడి దండ వేశాను."

పోలయ్య నవ్వలేదు. "భక్తితోనే చేశావు. నీళ్లకి భక్తి తెలీదు కదమ్మా, చిల్లు కనబడితే దిగుతాయి. నాకు విప్పడం రాదు. తెలిసినవాడి దగ్గరికెళ్లి మనం చూసింది చూసినట్టు చెబుదాం."

ఇద్దరూ ఖాదర్ దగ్గరికెళ్లారు. టార్చి సంగతి చెప్పగానే ఖాదర్ చేతిలో పని కింద పెట్టేశాడు. "బొమ్మ కనబడిందా? అయితే బతికే ఉందక్కా! పోయింది లోపలి దీపాల సంగతే. తీగ పీకేసి ముట్టుకోకుండా ఉంచండి. పీకాక కూడా లోపల కరెంటు దాక్కుని ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వస్తా" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఖాదర్ వచ్చి తెర వీపు విప్పాడు. లోపల చూస్తే ఏముంది, పసుపు పేరుకుని ఉంది. ఒక బంతిరేకు అతుక్కుని ఉంది. రత్నం సిగ్గుతో చచ్చిపోయింది. ఖాదర్ స్పిరిటు ఇస్తే, పళ్లు తోముకునే బ్రష్షుతో తనే రుద్ది రుద్ది శుభ్రం చేసింది. ఎండలో ఆరబెట్టారు. తీగ తగిలించారు. వెలగలేదు.

"మూడిట్లో ఒకటి తెలిసింది. ఆ ఒకటిలో మళ్లీ ఎన్నున్నాయి?" అన్నాడు పోలయ్య.

"దీపాలకి కరెంటు పంపే చిన్న బోర్డుంది తాతా. దానికో ఫ్యూజుంది. చూద్దాం."

ఫ్యూజు కాలిపోయింది. ఖాదర్ కొత్తది అతికాడు. తగిలించారు. తెర తెల్లగా మెరిసింది. "వచ్చింది!" అని బుల్లెమ్మ గుమ్మంలోంచి కేక వేసింది. కేక పూర్తికాకుండానే ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. సత్తిరాజు దిగాడు. విప్పి పరిచిన తెరని, చుట్టూ ఉన్న మనుషుల్ని చూశాడు. "ఇంకా ఎందుకే ఈ తాపత్రయం? మాటిచ్చావు కదా. లే" అన్నాడు. కోపంగా అనలేదు, జాలిగా అన్నాడు. రత్నానికి ఆ జాలి కోపంకన్నా ఎక్కువ గుచ్చుకుంది. లేచి నిలబడింది. మాటంటే మాటే మరి.

పోలయ్య చేతులు జోడించాడు. "బాబూ, వెలిగి ఆరింది. అసలు వెలగని లైటు వేరు, వెలిగి ఆరిన లైటు వేరు. వెలిగిందంటే దానికి బతకాలనే ఉంది. ఇంకొక్కసారి వెతకనివ్వు. దొరక్కపోతే రత్నం సామాను నేనే ఆటోలో పెడతాను."

సత్తిరాజు అరుగుమీద కూర్చున్నాడు. "కానివ్వండి" అన్నాడు.

"ఖాదరూ, ఎందుకలా వెలిగి ఆరుతుంది?"

"దీపాల్లో ఏ ఒక్కదానికైనా తీగ సరిగ్గా అందకపోతే, బోర్డు భయపడి అన్నింటినీ ఆపేస్తుంది తాతా."

"అయితే అందని తీగని వెతుకుదాం" అని పోలయ్య టార్చిలైటు వెలిగించి లోపలికి పట్టాడు. రత్నం వంగి మూల మూలా చూసింది. నెత్తిన చిల్లులున్న చోటు కింద, ఒక సన్నటి తీగ మొనకి చిలుం పట్టి ఆకుపచ్చగా ఉంది. ముట్టుకుంటే కదిలింది.

"ఇదిగో! ఇక్కడ!"

ఆమె గీకి శుభ్రం చేసింది. ఖాదర్ గట్టిగా అతికాడు. పోలయ్య వెలుతురు పట్టాడు. తీగ తగిలించారు.

తెర వెలిగింది. ఎవరూ కేక వెయ్యలేదు. ఊపిరి బిగబట్టి చూశారు. ఆరలేదు. తోరణం వచ్చింది, పచ్చగా, నిండుగా, ఆకు ఆకూ కనిపించేలా. సత్తిరాజు లోపలికొచ్చి చూశాడు. "బావ గీసిందే కదూ?" అన్నాడు. తర్వాత బయటికెళ్లి ఆటోని ఖాళీగా పంపేశాడు.

ఆ పూట రత్నం వంట చేసింది. అందరికన్నా ముందు పోలయ్యకి విస్తరి వేసింది. మొదటి బంతిలో కూర్చోవడం ఆయనకి అదే మొదలు. "ఇంత వేడన్నం ఉంటుందా పెళ్లిళ్లలో!" అన్నాడట. అందరూ నవ్వారు గానీ, రత్నం కళ్లు తుడుచుకుంది.

ఆ కార్తీకంలో శుభలేఖలన్నీ అందాయి. ఆ తర్వాత రేవు వీధిలో ఏది ఆగినా, రేడియో గానీ, మిక్సీ గానీ, మొగుడూ పెళ్లాల మాటలు గానీ, పోలయ్యని పిలిచేవాళ్లు. ఆయనకి బాగుచెయ్యడం వచ్చేది కాదు. కూర్చుని, ఏది ఉందో ఏది పోయిందో అడిగేవాడు. అంతే.

కొన్ని వానలు కురిశాయి, కొన్ని ఎండలు కాశాయి. ఒకనాడు పోలయ్య పడుకున్నవాడు లేవలేదు. ఎవరూ లేని మనిషి, ఎవరు మోస్తారా అనుకున్నారు. ఖాదర్ ఒక పక్క పట్టాడు. సత్తిరాజు పొరుగూరినుంచి వచ్చి ఒక పక్క పట్టాడు. ముందు నూకరత్నం నడిచింది, పట్టపగలు, పోలయ్య టార్చిలైటు వెలిగించి పట్టుకుని. అది చూసి వీధిలో ఒక్కొక్కరూ ఇంట్లోకెళ్లి దీపమో, లాంతరో, టార్చో తెచ్చుకున్నారు. జీవితమంతా అందరి ముందూ వెలుతురు మోసిన మనిషికి, ఆ రోజు ఊరు ముందు నడిచి వెలుతురు మోసింది.

ఇప్పటికీ రేవు వీధిలో ఆయుధ పూజ నాడు కంప్యూటరుకి దండ వెయ్యరు. వెనక గోడకి మేకు కొట్టి, నీళ్లు పూర్తిగా దులిపి, దానికి వేస్తారు. బొట్టు బల్లకాలికి పెడతారు. అన్ని పనిముట్లకన్నా ముందు ఒక టార్చిలైటు పెట్టి, మొదటి బొట్టు దానికే పెడతారు. ఎవరింట్లోనైనా తెర నల్లబడితే, ముందు కిటికీ మూసి ఏటవాలుగా టార్చి వేసి చూస్తారు.

ఎవరైనా పోయిన ఇంటికి పలకరింపుకి వెళ్లినప్పుడు, ఆ వీధివాళ్లు ఎక్కువ మాట్లాడరు. పక్కన కూర్చుని ఒక్క మాట అంటారు. "బొమ్మ పోలేదమ్మా, వెలుగే పోయింది."

అన్ని కథలూ కంచికి పోతాయంటారు. ఈ కథ ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది, కాస్త పక్కకి వంగి చూడండి.