తారు పూసిన సీతాకోకచిలుక

అడవి అంచున ఎండుమానులన్నీ ఊరివాళ్ళ పొయ్యిల్లోకి పోయాక తుమ్మెదలకి గుడ్లు పెట్టుకునే చోటు లేకపోయింది. తుమ్మెదలు రాకపోతే కంది పూత కాయ కట్టదు. పూతంతా నేలరాలుతుంటే చూడలేక ఓబన్న అనే గాడిద నడుం బిగించాడు. పెళ్ళిళ్ళయ్యాక పారేసిన పందిరి వెదుళ్ళు, విరిగిన నిచ్చెనలు, తుప్పు పట్టిన సైకిల్ చక్రాలు వీపున మోసుకొచ్చాడు. నాలుగు దారులు కలిసేచోట, అందరికీ కనబడేలా, ఏనుగంత సీతాకోకచిలుకని నిలబెట్టాడు. దాని రెక్కల నిండా వెదురు బొంగులే. బొంగుకో తుమ్మెద కాపురం.

నీలమ్మ అనే తుమ్మెద అందరికంటే ముందు చేరి, ఓ బొంగులో గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుతోంది.

ఓ పొద్దున పుప్పొడి మోసుకుని తిరిగొస్తే వాకిలి లేదు! ఎక్కడ చూసినా తారు, పైన జిగేలుమనే వెండిరంగు. కింద నక్క చేతులు దులుపుకుంటోంది.

"నక్క బావా, ఏమిటీ ఘోరం? లోపల నా పిల్లలున్నారు!"

"నేను కట్టిన భవనమని సింహం మహారాజు చూడ్డానికొస్తున్నారమ్మా. ఆ కంతలు చూస్తే ఏమనుకుంటారు? దరిద్రంగా లేవూ?"

"అవి మా ఇళ్ళు!"

"ఇళ్ళదేముంది, ఇంకోటి చూసుకోవచ్చు. ముందు పక్కకి జరుగు."

నీలమ్మకి ఒళ్ళు మండిపోయింది. కట్టింది ఒకరు, ఉండేది ఇంకొకరు, పేరు మాత్రం ఈ పనికిమాలిన నక్కకి!

"రాజుగారి ముందు నేను గట్టిగా అరుస్తాను చెల్లీ," అన్నాడు ఓబన్న.

"నీ అరుపు ఎవరు వింటారన్నా? వాడి నోటితోనే చెప్పిద్దాం," అంది నీలమ్మ.

సింహం రానే వచ్చింది. నక్క వంగి వంగి దండాలు పెట్టింది. "మహారాజా, పాపం తుమ్మెదల కోసం నా చేతులతో కట్టిన భవనం!"

సింహం మురిసిపోయి పూలదండ తెమ్మంది. అంతలో నీలమ్మ ఎదురుగా వాలింది. "నక్క బావ పనితనం గొప్పదే ప్రభూ. కాకపోతే రెక్కల నిండా కంతలేనని అందరూ చెప్పుకుంటున్నారు."

నక్కకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఎవరన్నారా మాట? ఒక్క కంత చూపించమనండి! అన్నీ నేనే దగ్గరుండి తారుతో మూశాను. చీమ కూడా దూరలేదు!"

సింహం మెల్లగా తల తిప్పింది. "చీమే దూరకపోతే తుమ్మెదలు ఎక్కడుంటాయిరా?"

"ఆ తారు కిందే నా పిల్లలున్నారు ప్రభూ!" అంది నీలమ్మ.

"వాటి ఇళ్ళలోనే వాటి పిల్లల్ని పూడ్చేసి నాచేత దండ వేయించుకుందామనుకున్నావా? గీకు! నీ పళ్ళతోనే గీకు!"

నక్క గీకింది. మీసాలు తారుకి అతుక్కుని ఊడొచ్చాయి. చుట్టూ జంతువులు పగలబడి నవ్వుతుంటే నీలమ్మకి నవ్వు రాలేదు. తన బొంగు తెరుచుకోగానే లోపలికి దూరింది. "బతికే ఉన్నారన్నా!" అన్న కేక బయటికొచ్చేదాకా ఓబన్న ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

ఎవరికోసం కట్టారో వాళ్ళనే బయటికి నెట్టేస్తే దాన్ని అందం అనకూడదు, దౌర్జన్యం అనాలి.