సత్తియ్య డోలుకి ఊఫరు కుదిర్చిన వైనం

తునిలో రైలుగేటు అవతల ఒక వీధి ఉంది. ఆ వీధిలో ఇళ్ళన్నీ భుజం భుజం ఆనించుకుని నిలబడతాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. అందులో నాలుగో ఇల్లు పైడమ్మది. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే కాపురం ఉందని ఆ ఇంటివాళ్ళ ధీమా. సాయంత్రమైతే దోమలొస్తాయని అందరూ తలుపులేసుకుంటారు. వీళ్ళు మాత్రం తెలివి వీధిలోకి పోతుందేమోనని వేసుకునేవారు.

పైడమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నూకయ్య, చిన్నవాడు లోవరాజు. పెద్దకోడలు చిన్నమ్మి ఆవిడకి సొంత మేనకోడలే. ఎవరే మాట చెప్పినా ఆ మాటని పొల్లుపోకుండా చేసే మనుషులు. వాన పడుతోంది, గొడుగు తీసుకెళ్ళరా అంటే లోవరాజు గొడుగుని చంకలో పెట్టుకుని తడుస్తూ వెళ్ళి తడుస్తూ వచ్చేవాడు. తీసుకెళ్ళమన్నారు గాని తెరవమన్నారా? "చెప్పిన మాట తప్పని పిల్లలు," అని పైడమ్మ మురిసిపోయేది.

ఆవిడ పెనిమిటి సత్తియ్య డోలు వాయించేవాడు. పోయి ఏడాది కావస్తోంది. ఎవరిదో పెళ్ళిలో ఆయన వాయించినది ముప్పావుగంట సీడీలో ఉంది. పైడమ్మ రోజూ మధ్యాహ్నం అది పెట్టించుకుని చూసేది. బొమ్మలో సత్తియ్య ఒళ్ళంతా ఊగిపోతూ కొడుతుంటాడు. టీవీలోంచి మాత్రం ఎవరో అప్పడాల డబ్బా మీద గోటితో కొట్టినట్టు టిక్కు టిక్కుమని వస్తుంది.

"ఆయన కొడితే ఇక్కడ తగిలేదిరా," అని పైడమ్మ ఒకరోజు నూకయ్యతో అంటూ పొట్ట మీద చెయ్యేసుకుంది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆ దెబ్బకి ఉలిక్కిపడి తన్నేవాడివి. ఇప్పుడేమో చెవిక్కూడా అందట్లేదు. ఆదివారం ఏడాది పెడుతున్నాం కదా. సన్నాయి గురవయ్య అన్నయ్య కూడా వస్తాడు. ఆ రోజుకైనా ఒక్క దెబ్బ తగిలితే చాలు నాకు."

అమ్మ నోరు తెరిచి అడిగింది. అంతే, అన్నదమ్ములిద్దరూ చెప్పులేసుకుని బజారులో షరీఫ్ గారి టీవీల కొట్టుకి వెళ్ళారు.

షరీఫ్ గారు నెమ్మదైన మనిషి. అంతా విని, "టీవీకి సన్న గొంతే ఉంటుంది బాబూ. డోలు లాంటి లావు మోత పలకాలంటే హోం థియేటర్ పెట్టి, దానికి ఊఫరు పెట్టె తగిలించాలి," అన్నాడు. "గదిని బట్టి ఊఫరు. మీ గది ఎంతుందో కొలిచి తీసుకురండి."

ఇంటికొచ్చి ఆ గోడ నుంచి ఈ గోడకి తాడు పట్టి కొలిచారు. ఒక కొస నూకయ్య పట్టుకున్నాడు, రెండో కొస లోవరాజు పట్టుకున్నాడు. లోవరాజు తాడుని చుట్టబోయాడు.

"చుట్టకు. చుడితే గది చిన్నదైపోతుంది," అన్నాడు నూకయ్య.

అదీ నిజమే అనిపించింది లోవరాజుకి. తాడుని బిగలాగి పట్టుకుని అన్న ముందు, తమ్ముడు వెనక, బజారు వీధిన బయల్దేరారు. సైకిళ్ళవాళ్ళు తలలు వంచుకుని దూరారు. గడ్డిబండి ఆగిపోయింది. అడ్డొచ్చిన గేదెలు మాత్రం వంగలేదు. అప్పుడు మాత్రం అన్నదమ్ములే తాడుని తలల మీదికెత్తి, పాపం, గేదెలకి గదిలోంచి దారిచ్చారు.

షరీఫ్ గారు తాడుని చూశాడు, వాళ్ళని చూశాడు. "ఎనిమిదంగుళాలది చాలు. పన్నెండంగుళాలది పెడితే మీ గది తట్టుకోలేదు," అని నల్లటి పెట్టె ఒకటి ముందు పెట్టాడు.

ఈలోగా చిన్నమ్మి కూడా వచ్చింది, సరుకు చూసి కొనడంలో తన తర్వాతే ఎవరైనా అని. కొబ్బరికాయని కొట్టినట్టు పెట్టెని వేలితో కొట్టి చూసింది. "బావా, ఇది డొల్ల. లోపల ఏమీ పెట్టలేదు."

"లోపల గాలే ఉండాలమ్మా. ఆ గాలి కదిలితేనే మోత," అన్నాడు షరీఫ్ గారు.

"ఏ ఊరి గాలండీ?"

"అంటే?"

"మా మావయ్య డోలు తుని గాలిలో మోగింది. ఇందులో ఎక్కడో కంపెనీ ఊరి గాలి ఉంటే ఆయన చెయ్యి పలుకుతుందా?"

షరీఫ్ గారు కాసేపు గడ్డం సవరించుకున్నాడు. "ఇంటికెళ్ళాక కిటికీలు తీసి ఉంచండమ్మా. పాత గాలి పోయి మీ ఊరి గాలి చేరుతుంది," అన్నాడు. చిన్నమ్మికి ప్రాణం కుదుటపడింది.

అప్పుడాయన అసలు సంగతి చెప్పాడు. "ఊఫరు మోత ఒక చోట కడుపులో తగులుతుంది, రెండడుగులు జరిగితే మాయమైపోతుంది. అందుకని ముందు పెట్టెని మీరు కూర్చునే చోట కూర్చోబెట్టండి. పాట పెట్టి, మీరు గోడ వెంబడి పాక్కుంటూ వెళ్ళండి. మోత ఎక్కడ బాగా తగిలితే అక్కడ పెట్టెని పెట్టి, మీ చోట మీరు కూర్చోండి. మధ్యలో ఎక్కడో బాగుందని ఆగిపోకండి. గోడ చివరిదాకా చూడండి."

మోసుకొచ్చారు. శనివారం పొద్దున్నే నలుగురూ పెట్టె చుట్టూ కూర్చున్నారు.

"మనం కూర్చునే చోట అన్నాడు," అన్నాడు నూకయ్య. "నేను మంచం మీద కూర్చుంటాను. అమ్మ పీట మీద. లోవరాజు గడప మీద. చిన్నమ్మి కుట్టుమిషను దగ్గర. చోట్లు నాలుగు, పెట్టె ఒకటి."

"నాలుగు ముక్కలు కోద్దామా?" అన్నాడు లోవరాజు. సిమెంటు పనికి పోయే మనిషి, పనిముట్లు చేతికి దగ్గరగా ఉంటాయి.

"కోస్తే గాలి పోదురా? ఇప్పుడే కదా మన ఊరి గాలి పడుతోంది," అంది చిన్నమ్మి, తెరిచిన కిటికీ వైపు చూస్తూ.

చివరికి డోలు అమ్మది కాబట్టి చోటు కూడా అమ్మదే అని తేల్చి, గోడ పక్కనున్న పైడమ్మ పీట మీద పెట్టెని కూర్చోబెట్టారు. సీడీ పెట్టారు. టీవీ పక్క చిన్న స్పీకర్లలోంచి సన్నాయి లేచింది, పీట మీంచి డోలు లేచింది. గోడ వెంబడి పాకాలంటే బీరువా అడ్డం. బియ్యం డ్రమ్ము అడ్డం. మిషను అడ్డం. అన్నీ తీసుకెళ్ళి వీధిలో పెట్టేశారు. అంతే, నూకయ్య ముందు, వెనక లోవరాజు, చీర దోపుకుని చిన్నమ్మి, అందరి వెనకా పైడమ్మ, నాలుగు కాళ్ళ మీద బయల్దేరారు.

"నీకు మోకాళ్ళ నొప్పులు కదమ్మా," అన్నాడు లోవరాజు.

"ఆయన కోసం మొక్కుకుని లోవ అమ్మవారి కొండ మెట్లన్నీ ఎక్కానురా. ఇదెంత?"

మూల దగ్గరికి వచ్చేసరికి పైడమ్మ ఆగిపోయింది. కడుపులో ఏదో కదిలినట్టయింది. "ఒరే, ఇక్కడ తగుల్తోందిరా."

"ఆగకూడదమ్మా. చివరిదాకా చూడమన్నాడు," అన్నాడు నూకయ్య వెనక్కి తిరక్కుండానే.

చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యాలి కదా. పైడమ్మ ఆ మూల వైపు ఒకసారి వెనక్కి చూసుకుని, మళ్ళీ పాకింది. గోడ వెళ్ళి వెళ్ళి గుమ్మం దగ్గరికి చేరింది. గుమ్మం దాటితే గోడ అయిపోతుందా? అవదు. బయటికి తిరిగి వీధిలో సాగుతుంది. అదేమిటో, గోడకి అంతంటూ ఉండదనే సంగతి పాకితేగాని తెలియలేదు వాళ్ళకి. వీధరుగు మీదుగా పాకారు. పక్కింటి అరుగెక్కారు. పక్కింటి గుమ్మంలో దూరారు. గోడ ఎటు తిరిగితే అటు తిరిగి, వరాలమ్మ వంటింట్లో తేలారు.

వరాలమ్మ పొయ్యి దగ్గర పెసరట్టు తిరగేస్తోంది. నలుగురూ వరసగా పాక్కుంటూ రావడం చూసి అట్లకాడ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ ఆ ఇంటి పక్కన ముప్పై ఏళ్ళుగా ఉంటోంది, అయినా ఇది కొత్త.

"ఏం పోగొట్టుకున్నారొదినా?"

"పోగొట్టుకున్నది దొరుకుతుందేమో చూస్తున్నాం వరాలూ," అంది పైడమ్మ.

అలిసిపోయి రుబ్బురోలు పక్కన గోడకి వీపు ఆనించి కూలబడింది. ఆ గోడకి అవతలే ఆవిడ పీట. పీట మీద పెట్టె. ధం, అని వెన్నులో తగిలింది. ధం ధం, అని పొట్టలోకి దిగింది. సన్నాయి లేదు, జనం గోల లేదు. గోడలోంచి లావు మోత ఒక్కటే వస్తోంది. ఒక్క సత్తియ్యే వాయిస్తున్నాడు.

పైడమ్మ వీపుని ఇంకాస్త గోడకి అదుముకుంది. తర్వాత మెల్లిగా, "వరాలూ, మీ వంటింట్లో మా ఆయనున్నాడు," అంది.

వరాలమ్మ చెయ్యి తుడుచుకుని అరచెయ్యి గోడకి ఆనించింది. "నిజమేనొదినా," అంది. అట్టు మాడిపోయింది.

"అయితే పెట్టె ఇక్కడే పెట్టాలి. వరాలత్తా, ఆ రోలు కొంచెం జరుపు," అన్నాడు నూకయ్య.

"పెట్టె ఇక్కడ పెడితే మోత మీ ఇంటికి పోతుంది కదరా," అంది వరాలమ్మ. ఆవిడ మంచికే అంది.

అందరూ ఆలోచనలో పడ్డారు. లోవరాజుకే తట్టింది. "అన్నయ్యా, పెట్టె మన చోట హాయిగా కూర్చుంది. మోత ఇక్కడ బాగుంది. మనమే వచ్చి ఇక్కడ కూర్చుంటే సరిపోదా?"

అందుకే ఆ ఇంట్లో తెలివి కాపురముందనేది.

ఆదివారం వచ్చింది. టీవీ, హోం థియేటర్, పెట్టె అన్నీ ఖాళీ ఇంట్లో వాటి మానాన అవి మోగుతున్నాయి. ఇంటివాళ్ళందరూ వరాలమ్మ వంటింట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. గురవయ్య వచ్చాడు. సత్తియ్యతో నలభై ఏళ్ళు సన్నాయి వాయించిన మనిషి, పళ్ళూడిపోయాక మానేశాడు. ఆయన్నీ తీసుకొచ్చి గోడ ముందు కూర్చోబెట్టారు.

గురవయ్య అరచెయ్యి గోడకి పెట్టాడు. పెట్టగానే వేళ్ళు కదిలాయి. "ఇదిగో, తాళి కట్టే వేళ. ఇక్కడ నేను ఊపిరి తీసుకునేవాణ్ణి, ఆ సందులో వాడు రెండు దెబ్బలు పూడ్చేవాడు. విన్నావా చెల్లెమ్మా?"

"విన్నానన్నయ్యా. ఇక్కడ తగిలింది."

కాసేపటికి గురవయ్య ముఖం చిన్నబోయింది. "వాడున్నాడు సరే. నేనేనమ్మా కనపట్టం లేదు. నా సన్నాయి ఏదీ?"

"మీది టీవీ దగ్గరే ఉండిపోయింది మావయ్యా. గోడ దాటలేకపోతోంది," అన్నాడు నూకయ్య.

"దారుంటే వచ్చేవాణ్ణేమో," అన్నాడు గురవయ్య నిట్టూరుస్తూ.

పెద్దాయన నోరు తెరిచి దారి అడిగాడు. ఇంకేముంది, లోవరాజు గునపం తెచ్చాడు. వరాలమ్మ విస్తరాకులు తేవడానికి బజారుకి వెళ్ళి ఉంది. నాలుగు పోట్లకి ఇటుక లేచింది, ఆరు పోట్లకి మూరెడు కన్నం పడింది. సన్నాయి గలగలా ఇటు వచ్చేసింది. కన్నంలోంచి చూస్తే టీవీలో సత్తియ్య, పక్కనే నల్లజుట్టుతో గురవయ్య. పైడమ్మ, గురవయ్య తలలు ఆనించుకుని ఆ కన్నంలోంచి పెళ్ళంతా చూశారు. గురవయ్య బోసినోట్లో పెదాలు ఊదుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

సీడీ అయిపోయే వేళకి వరాలమ్మ వచ్చింది. కన్నం చూసింది. విస్తరాకులు కింద పెట్టింది.

"భోజనాలు వడ్డించేలోపు ఆ కన్నం మూసెయ్యాలి. దేనితో మూస్తారో నాకు తెలీదు. నా వంటిల్లు నాకు కనపడాలి, మీ ఇల్లు కనపడకూడదు," అంది, చాలా నెమ్మదిగా.

న్యాయమైన మాట. కాని ఇటుకలన్నీ పొడైపోయాయి. నూకయ్య అటూ ఇటూ చూశాడు. కన్నానికి అవతల పీట మీద పెట్టె ఉంది. జానతో దాన్ని కొలిచాడు, కన్నాన్ని కొలిచాడు. చేసిపెట్టినట్టు సరిపోయాయి.

"చూశావా లోవరాజూ, షరీఫ్ గారు ఎనిమిదంగుళాలదే చాలని ఎందుకన్నాడో? ఆయన ముందే ఆలోచించాడు."

పెట్టెని కన్నంలో దూర్చారు. లోవరాజు సిమెంటు కలిపి ఇటు గోడకి పూశాడు, అటు వెళ్ళి అటు గోడకి పూశాడు. తాపీతో నున్నగా రుద్దాడు. పెట్టె ఉన్న ఆనవాలే లేదు. పని నచ్చి వరాలమ్మ కూడా తలూపింది. అందరూ తృప్తిగా భోంచేశారు.

చెయ్యి కడుక్కుని గురవయ్య అన్నాడు, "ఒరే అబ్బాయిలూ, వెళ్ళేముందు ఇంకొక్కసారి పెట్టండిరా."

నూకయ్య టీవీ దగ్గరికి వెళ్ళాడు. సీడీ పెట్టాడు. టిక్కు టిక్కుమంది.

"లోవరాజూ, పెట్టె వైరేదిరా?"

"లోపలే ఉందన్నయ్యా. ఎలకలు కొరక్కుండా చుట్టచుట్టి దాని పక్కనే భద్రంగా పెట్టి పూశాను."

"మరెందుకు మోగట్లేదు?"

ఎవరికీ అంతుపట్టలేదు. పైడమ్మ లేచి వెళ్ళి గోడకి చెవి ఆనించింది. చెంపకి చల్లగా సిమెంటు అంటుకుంది. ఆవిడ ముఖం వికసించింది.

"తడిగా ఉందిరా. తడి డోలు ఎక్కడైనా పలుకుతుందా? మీ నాన్న డోలుని ఎండలో పెట్టేదాకా చెయ్యి వేసేవాడు కాదు. ఆరనివ్వండి."

గురవయ్య ఆవిడ చెంప మీది సిమెంటు చూశాడు, తుడుచుకోమని కండువా అందించాడు. "సరే చెల్లెమ్మా, ఆరేదాకా ఉంటాను," అని పక్కన చతికిలబడ్డాడు.

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ చెరో విసనకర్ర పుచ్చుకుని, గోడకి ఇటొకడు అటొకడు కూర్చుని, చేతులు మార్చుకుంటూ గోడకి విసరడం మొదలుపెట్టారు.