చీర ఉయ్యాలకు అడ్డకర్ర

"ఏం చూశావో చెప్పు. విన్నది నాకొద్దు." కోలాటం నేర్పే నాంచారమ్మను ఎవరేమడిగినా ముందు ఈ మాటే అనేది. చదివే మీరూ కళ్లు తెరుచుకుని చూడండి. చివర్లో మీరూ చెప్పాలి.

ఒకనాడు ఆమె శిష్యురాలు భ్రమరాంబ ఏడో నెల కడుపుతో వచ్చి అరుగు మీద కూలబడింది. వెనకాలే అత్త కోటమ్మ.

"గురువుగారూ, స్కానింగులో బిడ్డ పాదాలు రెండూ లోపలికి తిరిగి ఉన్నాయన్నారు. గ్రహణం పూట నేను కత్తిపీట ముట్టబట్టేనా?"

"స్కానింగులో కత్తిపీట కనబడిందా?"

"లేదు."

"మరి?"

భ్రమరాంబ కళ్లు తుడుచుకుంది. "పాదాలు కనబడ్డాయి. ఇంతింత. నేను చూస్తుండగానే తన్నింది."

ఎక్కడ ఏ వంకర కనబడినా తెచ్చి ఆడదాని కడుపుకు అంటగట్టడం మనకెంత తేలికో! ఆ నింద మోయలేకే భ్రమరాంబ సగమైపోయింది. పుట్టిన మొదటి వారాల్లోనే పిండికట్లు మొదలుపెట్టాలనీ, వారం వారం మార్చాలనీ, తర్వాత కడ్డీకి బిగించిన బూట్లు తొడగాలనీ, అలా చేస్తే బిడ్డ తోటి పిల్లల్లాగే పరుగెడుతుందనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కోటమ్మ ససేమిరా అంది. "పుట్టకముందే ఏర్పాట్లేమిటి, కీడు కాదూ? ముందు బిడ్డ బయటపడనీ. కాస్త ఒళ్లు చేశాక చూద్దాం." ఆ చూద్దాం ఎన్ని నెలలు సాగుతుందో భ్రమరాంబకు తెలుసు. ఆమె భయమల్లా అదే.

నాంచారమ్మ వాదించలేదు. పాత చీర ఇచ్చి దూలానికి ఉయ్యాల కట్టమంది. తను ఒక కోలాటం కర్ర తీసుకుని, రెండు కొసలకూ గుడ్డ ఉండలు చుట్టి, "ఇవి బూట్లు, ఇది కడ్డీ. పడుకోబెట్టు" అంది.

భ్రమరాంబ ఉయ్యాల కట్టి, అందులో కర్రను అడ్డంగా పెట్టింది. చీర ముడుచుకుని బయటికి నెట్టేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ నెట్టింది.

"పట్టదు గురువుగారూ."

కోటమ్మ ఇక కూర్చోలేకపోయింది. "పట్టకేం! ఉయ్యాల కట్టడం ఎవరు నేర్పారే నీకు? అడ్డకర్ర లేకపోతే ఏ పిల్లకైనా ఊపిరాడుతుందా?" అంటూ లేచి, రెండో కోలాటం కర్ర అందుకుని చీర అంచుల మధ్య దోపింది. చీర విచ్చుకుంది. బూట్ల కర్ర లోపల దర్జాగా పడుకుంది. కోటమ్మ ఒకసారి ఊపి చూసి పెదవి విరిచింది. "అడ్డకర్ర ఇంకాస్త పొడుగుండాలి. వడ్రంగికి చెప్పి రేపే చేయిస్తా."

"పుట్టకముందేనా, కోటమ్మా?"

కోటమ్మ నాలుక కరుచుకుంది. కోడలి మొహం చూడకుండానే అడిగింది. "మొదటి కట్టు ఎప్పుడేస్తానందే ఆ డాక్టరమ్మ?"

భ్రమరాంబ చెప్పింది.

నాంచారమ్మ ఖాళీ చేత్తో ఉయ్యాలను మెల్లగా తోసింది. "ఇప్పుడు చూసింది చెప్పండి. పట్టలేదన్నప్పుడు మనం కర్రను విరిచామా, చీరను తెరిచామా?"